మాటేది, రొదేది? – గొంతు రికార్డింగుల శుద్ధి గురించి

ఈ ఏటి సంచికకు శాస్త్ర విషయం మీద ఒక వ్యాసం ఇమ్మని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, పుస్తకాల్లో దొరికేదే మళ్ళీ వ్రాయడం దేనికి, మన కాలేజీలోనే నడుస్తున్న పని గురించి చెబితే సరిపోతుంది గదా అనుకున్నాను. మా భౌతికశాస్త్ర శాఖ, తెలుగు శాఖ కలిసి రెండేళ్ళుగా ఒక పని చేస్తున్నాయి. 1980లలో తెలుగు శాఖ అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు శ్రీకాకుళం జిల్లా పల్లెలు తిరిగి రైతులతోనూ, నేతగాళ్ళతోనూ, జముకుల కథ చెప్పేవాళ్ళతోనూ మాట్లాడి, ఆ మాటల్ని క్యాసెట్ల మీద పట్టి తెచ్చారు. ఇనప బీరువాలో ఇన్నాళ్ళూ ఉండిపోయిన ఆ క్యాసెట్లను ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాం. మాట్లాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళ మాట మిగిలింది ఆ గోధుమరంగు పట్టీ మీదే.

అయితే ఆ పట్టీ మీద మాట ఒక్కటే లేదు. టేపు బుస ఉంది, కరెంటు జుమ్ము ఉంది, ఫ్యాను హోరు, కాకులు, వీధిలో పిల్లలు, ఎక్కడో రుబ్బురోలు, అన్నీ ఉన్నాయి. ఈ పనికి వచ్చే విద్యార్థులు మొదటి రోజే అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, ఒక్క బటను నొక్కితే రొదంతా పోతుంది కదా, ఇంత తతంగం ఎందుకు?" పోతుంది నాయనా, నిజమే. దానితోబాటు ఇంకేం పోతుందో చూడటానికే ఈ తతంగం.

రొద అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. భౌతికశాస్త్రం దృష్టిలో కాకి అరుపూ గాలిలో కంపనమే, అవ్వ మాటా గాలిలో కంపనమే. ఏది మాట, ఏది రొద అన్నది వినేవాడి అవసరాన్ని బట్టి ఉంటుంది. మా క్యాసెట్లలో ఒకదానిలో నేతగాడు మగ్గం నడుపుతూనే మాట్లాడాడు. మాటలు వ్రాసుకునే విద్యార్థికి మగ్గం టకటక పెద్ద విఘ్నం. చేనేత గురించి చదువుకునేవాడికో, నాడె ఎంత వేగంగా ఆడింది, మాట్లాడేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆగింది అన్నది ఆ టకటకలోనే దొరుకుతుంది. ఆ మగ్గాన్ని చెరిపేసే హక్కు మనకెవరిచ్చారు? అందుకే మా మొదటి నియమం: టేపులోంచి వచ్చిన మొదటి ప్రతిని ఎవరూ ముట్టుకోకూడదు. శుద్ధి ఏదైనా నకలు మీదే.

ఆ మొదటి ప్రతి ఎలా ఉండాలన్నదానికి లెక్క ఉంది. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం సిఫారసు ప్రకారం సెకనుకు కనీసం 48,000 నమూనాలు, నమూనాకు 24 బిట్లు. అంటే సెకనుకు 1,44,000 బైట్లు, గంటకు సుమారు 518 మెగాబైట్లు. "ఎమ్పీత్రీ చేస్తే ఇందులో పదోవంతుకు సర్దుకుంటుంది కదా" అంటారు. సర్దుకుంటుంది. కాని ఎమ్పీత్రీ చేసేదేమిటంటే, మనిషి చెవి ఎటూ పట్టించుకోదనుకున్న భాగాలను పారేయడం. రేపు శుద్ధి చేసేటప్పుడు మనకు కావలసిన ఆధారాలు ఆ పారేసిన భాగాల్లోనే ఉండవచ్చు. వినిపించడానికి ఎమ్పీత్రీ చాలు, దాచడానికి మాత్రం వేవ్ ఫైలే.

అసలు చాలా రొద కంప్యూటరు దాకా రాకముందే తగ్గించవచ్చు. ఈ సంగతి తెలియకే చాలామంది కష్టాలపాలవుతారు. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. రేడియో స్టూడియోల్లో వాడిన పెద్ద స్పూలు టేపులు 19, 38 సెంటీమీటర్ల వేగాలతో నడిచేవి. నెమ్మదిగా నడిచే సన్నటి పట్టీ కాబట్టి క్యాసెట్టులో బుస పుట్టుకతోనే ఎక్కువ. దానికి తోడు టేపురికార్డరు హెడ్డు మీద ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవాలి. ఆ తరువాత చూడవలసింది హెడ్డు నిలువు. హెడ్డులోని సన్నని చీలిక టేపు నడిచే దిశకు సరిగ్గా లంబంగా ఉండాలి. రవ్వంత వాలినా పై పౌనఃపున్యాలు చచ్చిపోతాయి, గొంతు దుప్పటి కప్పుకున్నట్టు మూగగా వస్తుంది. రికార్డు చేసిన మిషను హెడ్డు వాలి ఉంటే, ఇప్పుడు వినే మిషను హెడ్డును కూడా అంతే వాల్చాలి. పక్కనున్న చిన్న మరను సన్నటి స్క్రూడ్రైవరుతో రవ్వరవ్వ తిప్పుతూ, మనిషి "స" అన్నచోట చెవికి ఎక్కడ పదునుగా తగులుతుందో అక్కడ ఆపాలి. ఇది చేయకుండా ఎక్కించిన టేపును తరువాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. డాల్బీ బి పద్ధతిలో రికార్డయిన క్యాసెట్టును ఆ స్విచ్చి వేసే వినాలి. ఆ పద్ధతిలో రికార్డు కానిదానికి ఆ స్విచ్చి వేస్తే, బుసతోబాటు గొంతులోని మెరుపూ తగ్గుతుంది.

ఇప్పుడు గుర్తుపట్టే పని. ముందు చెవి, తరువాత కన్ను. టేపు మొత్తం ఒకసారి హెడ్‌ఫోను పెట్టుకుని, ఏదీ మార్చకుండా వినాలి. కాగితం మీద నిమిషాలు వేసుకుని, "3.20 – కుక్క, 7.05 నుంచి ఫ్యాను, 11.40 – మైకు కదిలింది" అని వ్రాసుకోవాలి. తరువాత తెర మీద ధ్వని వర్ణపట చిత్రం చూడాలి. స్పెక్ట్రోగ్రామ్ అంటారు గదా, అదే. ఎడమనుంచి కుడికి కాలం, కిందినుంచి పైకి పౌనఃపున్యం, వెలుగును బట్టి బలం. కొంచెం అలవాటుపడితే ఇది అచ్చుకాగితంలా చదవవచ్చు. అచ్చులు పలికినచోట గొంతు, దున్నిన పొలంలో నాగటి చాళ్ళలాగా ఒకదానిపైన ఒకటి వంపులు తిరిగే గీతలుగా కనిపిస్తుంది. కరెంటు జుమ్ము వంపులేని అడ్డగీతలు, రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు. టేపు బుస చిత్రమంతా పరుచుకున్న పొగమంచు. చిటపటలు నిట్టనిలువు గీతలు. కోయిల కూసిందంటే పైకి లేచే చిన్న కొక్కెం. మా విద్యార్థినుల్లో ఒకామె వినకుండానే చిత్రం చూసి, "ఇక్కడ ప్రెషరు కుక్కరు" అని చెప్పేస్తోంది.

ఒక్కో రొదకు ఒక్కో వైద్యం. అన్నిటికీ ఒకే మాత్ర వేసే సాఫ్ట్‌వేరుల మీద నాకు నమ్మకం లేదు. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది కాబట్టి జుమ్ము 50 హెర్ట్జ్ దగ్గరా, దాని గుణిజాలైన 100, 150, 200 దగ్గరా కూర్చుంటుంది. ఆయా చోట్ల మాత్రమే సన్నగా కోసే వడపోతలు ఉన్నాయి. 50 దగ్గర కోస్తే నష్టం లేదు, మాట్లాడే గొంతు సాధారణంగా అంత కిందికి దిగదు. 100 దగ్గరకు వచ్చేసరికి జాగ్రత్తపడాలి. మగవాళ్ళ గొంతు మూల పౌనఃపున్యం తరచు 100కూ 150కీ మధ్యనే ఉంటుంది, ఆడవాళ్ళది 200 ప్రాంతంలో. అక్కడ వెడల్పుగా కోశామంటే జుమ్ముతోబాటు తాతగారి గొంతులోని బరువూ పోతుంది. చిటపటలు సెకనులో వెయ్యోవంతుల కాలం ఉండేవి కాబట్టి, ఆ ముక్కను తీసి ఇరుపక్కల తరంగాన్ని బట్టి అతుకు వేయవచ్చు, చెవికి తెలియదు. ఇక ఖాళీ గది ప్రతిధ్వని ఉందే, అది బయటిది కాదు, ఆ మనిషి మాటే గోడలకు తగిలి ఆలస్యంగా వచ్చినది. దాన్ని వేరుచేయడం అన్నిటికన్నా కష్టం. రికార్డింగు మట్టం మరీ పెంచేసినందువల్ల తరంగం తల తెగి గరగరలాడే గొంతుకు పట్టీ వేయగలం గాని, తెగిన తల మళ్ళీ మొలవదు.

టేపు బుస దగ్గరే అసలు చిక్కు. బుసకు ఒక తీరూ తెన్నూ లేదు, అన్ని పౌనఃపున్యాలలోనూ ఉంటుంది, మన చెవికి మాత్రం పై భాగంలో ఎక్కువగా తెలుస్తుంది. ఇప్పుడు ఒక పని చేయండి. "స్" అని సాగదీసి పలకండి. విన్నారా? టేపు బుసకూ దానికీ తేడా చెప్పండి చూద్దాం! మనం మాట అనుకునేదానిలో సగం రొదే. అచ్చుల్లో గొంతు తంత్రులు క్రమంగా కంపించి చాళ్ళు గీస్తాయి. స, శ, ష, చ, హ, వత్తులు పలికేటప్పుడు వెలువడే ఊపిరి, ఇవన్నీ గాలి ఇరుకు దారిలో ఒరుసుకుని పుట్టే క్రమంలేని శబ్దాలు. సకారం బలమంతా 4,000 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది, బుస మనకు బాగా తెలిసేదీ అక్కడే. 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల దాకా మాత్రమే మోసిన పాత టెలిఫోనులో "స"నా "ఫ"నా అని మళ్ళీ మళ్ళీ అడగవలసి వచ్చింది ఇందుకే.

దీనివల్ల ఏమవుతుందో ఒక క్యాసెట్టు సంగతి చెబుతాను. ఒక రైతు అవ్వ నాట్ల గురించి మాట్లాడిన టేపు అది. మేము పని మొదలుపెట్టకముందే దానికి బయట ఒక స్టూడియోలో శుద్ధి చేయించిన నకలు ఉంది. వినడానికి ఎంతో హాయిగా ఉంది, బుస లేదు, హోరు లేదు. ఆ నకలు విని వ్రాసిన ప్రతిలో అవ్వ "చేను", "చెప్పినాడు" అన్నట్టు ఉంది. తెలుగు శాఖవారికి అనుమానం వచ్చింది. ఆ ప్రాంతంలో, ఆ వయసువాళ్ళ నోట "సేను", "సెప్పినాడు" అని వినిపించడం కద్దు. అసలు టేపు ఎక్కించి, బుసతోనే, వర్ణపట చిత్రంతో సహా పరీక్షించాం. అవ్వ అన్నది సకారమే.

మరి సకారం చకారం ఎలా అయింది? సకారం మెల్లగా మొదలై, బలం పుంజుకుని, కొంచెంసేపు సాగుతుంది. చకారం నాలుక అడ్డుకట్ట తెగి ఒక్కసారిగా మొదలవుతుంది, తొందరగా ముగుస్తుంది. శుద్ధి యంత్రానికి సకారపు మెల్లని మొదలు బుసలాగే కనిపించింది. దాన్ని కోసి, బలమైన భాగాన్ని మాత్రం ఉంచింది. మొదలు తెగిన సకారం "చాప", "చుక్క" మాటల్లోని దంత్య చకారంలా వినిపిస్తుంది, మన చెవి మిగతాది పూరించుకుంటుంది. అంటే ఆ యంత్రం రొదను తీసేయబోయి, అవ్వ ఉచ్చారణను బడిపుస్తకానికి అనుగుణంగా దిద్దిపెట్టింది! మాండలిక పరిశోధనకు కావలసింది సరిగ్గా ఆ సకారమే. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వచ్చినప్పటినుంచీ ఊరూరి పలుకుబడి మనకు విలువైన ఆధారమయింది. అటువంటి ఆధారాన్ని, చెవికి హాయిగా ఉందని చెడగొట్టుకుందామా?

ఆ యంత్రం లోపల ఏం చేస్తుందో తెలిస్తే దాన్ని అదుపులో పెట్టవచ్చు. ఇప్పటికీ ఎక్కువగా వాడే పద్ధతిని వర్ణపట వ్యవకలనం అనవచ్చు. స్టీవెన్ బోల్ 1979లో ప్రచురించిన పరిశోధన పత్రంతో ఇది ప్రసిద్ధమయింది. ఉచితంగా దొరికే ఆడాసిటీలోని రొద తగ్గింపు పనిముట్టు కూడా ఈ కుటుంబంలోదే. మనిషి మాట్లాడని రెండు మూడు సెకన్ల ముక్క చూపించి "ఇదీ రొద" అని చెబుతాం. ఏ పౌనఃపున్యం దగ్గర రొద సగటున ఎంత ఉందో అది లెక్క వేసుకుంటుంది. తరువాత టేపు మొత్తాన్ని సెకనులో యాభయ్యోవంతు, ముప్ఫయ్యోవంతు చిన్న తునకలుగా చేసి, ఒక్కో తునకలోంచి ఆ సగటును తీసివేస్తుంది. చిక్కు ఏమంటే రొద ఎప్పుడూ సగటుగా ఉండదు. ఒక తునకలో ఎక్కువ, ఒకదానిలో తక్కువ. తీసివేసిన తరువాత అక్కడక్కడ మిగిలిన చిన్న శకలాలు మువ్వలు రాలినట్టు టింగు టింగుమంటాయి. ఇంకా గట్టిగా తీసేస్తే మనిషి నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఈ మువ్వల చప్పుడు కన్నా అసలు బుసే మేలు. బుసకు చెవి ఐదు నిమిషాల్లో అలవాటుపడుతుంది, దీనికి గంటయినా అలవాటుపడదు.

మేము రొదను 6 నుంచి 10 డెసిబెల్స్ దాకా మాత్రమే తగ్గిస్తాం, అడుగున పలచగా బుసను ఉండనిస్తాం. తరువాత ఒక పరీక్ష. ఇది మాత్రం ప్రతి విద్యార్థీ నేర్చుకోవాలి. మిగిలినదాన్ని కాదు, తీసేసినదాన్ని వినాలి. ఆడాసిటీలో తీసేసిన భాగాన్ని మాత్రమే వినిపించే ఏర్పాటుంది. లేనిచోట అసలులోంచి శుద్ధి ప్రతిని తీసివేసినా అదే వస్తుంది. బియ్యం చెరిగిన తరువాత ఊకలో గింజలు పోయాయేమో చూసుకున్నట్టన్నమాట. అందులో ఉత్త బుస వినిపిస్తే సరే. మాటలు గుసగుసలుగా వినిపిస్తే, అర్థమయ్యేటంత వినిపిస్తే, గొంతు పోతోందని గుర్తు. వెంటనే వెనక్కి తగ్గాలి. పైన చెప్పిన స్టూడియో నకలుకు మేము ఈ పరీక్ష చేస్తే సకారాలన్నీ ఊకలో దొరికాయి.

రొదను పారేయడానికి తొందరపడకూడదనడానికి మరో నిదర్శనం అమెరికాలో ఉంది. అధ్యక్షుడు నిక్సన్ కార్యాలయంలో 1972 జూన్ 20న రికార్డయిన ఒక టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాల పాటు మాట లేదు, ఉత్త గుంయ్‌కారమే. వాటర్‌గేట్ విచారణలో న్యాయస్థానం కోసం ఆరుగురు నిపుణులు ఆ గుంయ్‌కారాన్నే పరిశోధించారు. చెరిపే హెడ్డు ఆగినప్పుడు, మొదలయినప్పుడు టేపు మీద పడే సన్నని గుర్తులను లెక్కబెట్టి, కనీసం అయిదు విడివిడి భాగాలుగా చెరిపారని 1974లో తేల్చారు. మాట్లాడింది మాట కాదు, రొదే! ఆ ఆరుగురిలో ఒకరైన థామస్ స్టాక్‌హామ్, ఇటలీ గాయకుడు కరూసో పాత గ్రామఫోను పాటలను కంప్యూటరు సాయంతో బాగుచేసిన మనిషి. ఆ సంపుటం 1976లో విడుదలయింది. పాతకాలపు కొమ్ములోకి పాడినందువల్ల గొంతుకు అంటిన డొల్ల మోతను లెక్కగట్టి వేరుచేశాడాయన. అదే స్టాక్‌హామ్ ఉన్న బృందం కూడా చెరిగిపోయిన ఆ మాటలను తిరిగి తీయలేకపోయింది. అమెరికా జాతీయ భాండాగారం కొత్త సాధనాలతో మళ్ళీ ప్రయోగాలు చేయించి, 2003లో సాధ్యం కాదని విరమించుకుంది. రొద కింద ఉన్న మాట వేరు, చెరిగిన మాట వేరు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది గదా అంటారు. వచ్చింది, బాగానే వచ్చింది. జాన్ మార్క్ వాలిన్ 2018 నాటి పత్రంలో వివరించిన ఆర్ఎన్ నాయిస్ వంటివి గొంతూ రొదా గంటల తరబడి విని, ఏ పట్టీలో ఎంత ఉంచాలో ఎంత అణచాలో నేర్చుకున్నాయి. ఆటో శబ్దం, కుక్క అరుపు వంటి కదిలే రొదలను పాత పద్ధతి ఏమీ చేయలేదు, ఇవి చాలావరకు తగ్గిస్తాయి. వీధి రొదలో పట్టిన ఉపన్యాసాన్ని వినిపించుకోవడానికి నేనూ వాడతాను. కాని ఇంకో రకం ఉంది, అణచడంతో ఆగక, పోయినచోట గొంతును కొత్తగా తయారుచేసి పెట్టేది. అది నేర్చుకున్న గొంతులు ఎవరివి? మన అవ్వ పలుకు దానికి తెలియకపోతే, తెలిసిన పలుకునే అక్కడ అమర్చుతుంది, అదీ ఏ మువ్వల చప్పుడూ లేకుండా, నున్నగా. మునుపటి యంత్రం తప్పు చేస్తే చెవికి తెలిసేది. దీని తప్పు తెలియదు. అందుకని మాండలికం టేపుల మీద వాటిని మేము వాడటం లేదు.

కొత్తగా రికార్డు చేయబోయే మీకు రెండు ముక్కలు. మైకును మీటరు దూరం నుంచి పాతిక సెంటీమీటర్లకు తెస్తే గొంతు బలం 12 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాను హోరు ఉన్నంతే ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేరుకూ ఇంత నిఖార్సయిన శుద్ధి చేతకాదు, పైసా ఖర్చూ లేదు. ఫ్యాను ఆపగలిగితే ఆపండి. మే నెలలో ఎనభై ఏళ్ళ మనిషిని ఫ్యాను లేకుండా కూర్చోబెట్టి కథ చెప్పమనేంత శాస్త్రభక్తి మాత్రం వద్దు. అటువంటప్పుడు ఫ్యాను తిరగనిచ్చి, మాటలు మొదలుకాకముందు పది సెకన్లు అందరూ మౌనంగా ఉండి ఆ గది చప్పుడును రికార్డు చేయండి. తరువాత యంత్రానికి "ఇదీ రొద" అని చూపడానికి అదే పనికొస్తుంది. పరుపులు, బట్టలు ఉన్న గది మంచిది, నున్నటి బండలు పరిచిన ఖాళీ హాలు మంచిది కాదు. సెల్‌ఫోనులో పట్టేవాళ్ళు దానంతటది రొద తగ్గించే సదుపాయం ఏదైనా ఉంటే ఆపేసి, ఎమ్పీత్రీ కాకుండా వేవ్ ఎంచుకోండి.

ప్రతి క్యాసెట్టుకూ మేమొక నోటుపుస్తకం పేజీ కేటాయించాం. ఏ మిషను మీద ఎక్కించాం, హెడ్డు ఎంత తిప్పాం, ఏ రొద ఏ నిమిషంలో ఉంది, ఏమి ఎంత తీశాం, ఎందుకు తీశాం అన్నీ అందులో ఉంటాయి. రేపు మాకన్నా మంచి పనిముట్టు దొరికినవాళ్ళు మా శుద్ధి ప్రతిని పక్కన పడేసి, మొదటి ప్రతినుంచి మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు.

ఎక్కించవలసిన క్యాసెట్లు ఇంకా సగానికి పైగా ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం రెండు గంటలనుంచి భౌతికశాస్త్ర ప్రయోగశాల వెనక గదిలో పని జరుగుతుంది. ఏ శాఖ విద్యార్థులయినా రావచ్చు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలవాళ్ళు వస్తే మరీ సంతోషం, మా చెవికి తెలియని మాటలు వాళ్ళకు తెలుస్తాయి. పూర్వ విద్యార్థులలో ఎవరి ఇంట్లోనయినా పనిచేసే క్యాసెట్టు డెక్కు ఉంటే దయచేసి కబురుచేయండి, మా దగ్గరున్న రెండింటిలో ఒకదాని బెల్టు సాగిపోయింది. వచ్చేవాళ్ళు హెడ్‌ఫోను ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.